మోటుపల్లి శాసనం: ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు ఎవరిది?

కృష్ణాతీరం (చర్చ మొదలుపెట్టినవారు)

మధ్యయుగ రాజ్యాల గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా యుద్ధాలు, కోటలు, వంశవృక్షాల దగ్గరే ఆగిపోతున్నాం. ఈసారి ఒక రాతిస్తంభం గురించి మాట్లాడుకుందాం.

శకవర్షం 1166, అంటే 1244–45లో కాకతీయ గణపతిదేవుడు ఇప్పటి బాపట్ల జిల్లా తీరంలోని మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. అన్ని దేశాల నుంచి, ద్వీపాల నుంచి, పట్టణాల నుంచి వచ్చిపోయే సముద్ర వ్యాపారులకు రాజు ఇచ్చిన మాట అది. సారాంశం ఇలా ఉంటుంది: ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్తున్న ఓడ గాలివానకు చెడి మా తీరానికి కొట్టుకొస్తే, ఇదివరకటి రాజులు అందులోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సర్వస్వం బలవంతంగా తీసుకునేవారు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద ఇంత సాహసం చేసేవాళ్ల మీద దయతో, మా కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం.

నన్ను ఆపేసిన మాట "ఇదివరకటి రాజులు". తన కంటే ముందున్న రాజులు చేసిన పని ఇదీ అని ఒక రాజు రాయి మీద చెక్కించాడు. అదీ గుడి గోడ మీద పొగడ్తలా కాదు, రేవులో దిగిన పరదేశి చదివించుకుని తెలుసుకునేలా. దయ అని రాసుకున్నాడు, ఆ దయను నేను తీసిపారేయను. కానీ నా దృష్టిలో దీని అసలు విలువ వేరు. సైన్యం ఉన్నవాడు, ఎవరూ అడ్డుకోలేనివాడు, నేను ఫలానా పని చేయను అని బహిరంగంగా ఒప్పుకోవడం. దూరదేశపు వర్తకం మొత్తం ఆ ఒప్పుకోలు మీదే నడిచిందని నా నమ్మకం. మీరేమంటారు?

శాసనప్రియ

మంచి చర్చ మొదలుపెట్టారండీ. కొన్ని వివరాలు కలుపుతాను.

స్తంభం మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలో ఉంది. వంశ వర్ణన సంస్కృత శ్లోకాల్లో, సుంకాల వ్యవహారం తెలుగులో. నాకు ఇదే బాగా నచ్చిన భాగం. పొగడ్తకు సంస్కృతం, లెక్కలకు తెలుగు.

ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పదింట ఒకటి. దానికి తోడు కొన్ని సరుకులకు విడిగా రేట్లు అప్పటి నాణేలైన గద్యాణాల్లో, పణాల్లో చెప్పారు. ఆ జాబితా చదివితే రేవు కళ్లకు కడుతుంది: మంచి గంధం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు (గులాబీ నీరు), దంతం, జవ్వాది, కర్పూర తైలం, రాగి, తగరం జాతి లోహాలు, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు. పోకలకు లక్ష లెక్కన సుంకం! చిల్లరగా వచ్చే సరుకైతే లక్ష లెక్కన రేటు కట్టరు కదా.

ఇందులో తెలుగు నేల మీద దొరికేవి తక్కువ. గంధం, మిరియాలు పడమటి కొండల నుంచి, ముత్యాలు దక్షిణాది నుంచి, కర్పూరం సుమత్రా వైపు నుంచి, పన్నీరు పారశీకం వైపు నుంచి రావాల్సినవి. మోటుపల్లి మన సరుకు అమ్ముకునే రేవు మాత్రమే కాదు, ఒక సముద్రపు సరుకు ఇంకో సముద్రపు సరుకుతో చేతులు మారే చోటు కూడా.

మిరియాలమూట

కృష్ణాతీరం గారూ, మీ మాటతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ గణపతిదేవుడిని ఒంటరిగా నిలబెట్టి చూడకూడదు. ఓడ బద్దలైతే సరుకు తీరం ఏలేవాడిదే అన్న ఆచారం అప్పటి ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. దానితో చాలామంది కుస్తీ పట్టారు.

యూరప్‌లో 1179లో పోపు పిలిపించిన మూడో లాటరన్ సభ, ఓడ మునిగి బయటపడ్డ క్రైస్తవులను దోచుకునేవాళ్లను మతం నుంచి వెలివేస్తామని తీర్మానించింది. ఇంగ్లండులో 1275 వెస్ట్‌మినిస్టర్ చట్టం ఇంకా వింతగా ఉంటుంది: ఓడలోంచి ఒక మనిషి గానీ, కుక్క గానీ, పిల్లి గానీ ప్రాణాలతో బయటపడితే దాన్ని దిక్కులేని ఓడగా లెక్కకట్టకూడదు, సొంతదారు ఏడాది మీద ఒక రోజులోపు వచ్చి అడిగితే ఇచ్చేలా సరుకు భద్రపరచాలి. ఒక పిల్లి బతికితే మొత్తం సరుకు బతికినట్టే!

మన పడమటి తీరం సంగతి వెనిస్ యాత్రికుడు మార్కో పోలో చెప్పాడు. మలబారు దగ్గర ఏలి అనే రాజ్యంలో, వేరే చోటికి పోతూ దారితప్పి వచ్చిన ఓడను పట్టేసుకుని, "దేవుడే నిన్ను మా దగ్గరికి పంపాడు" అనేవారట. తర్వాత మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1340ల్లో కాలికట్‌లో ఉన్నప్పుడు ఆయన చైనాకు తీసుకెళ్లాల్సిన ఢిల్లీ సుల్తాను కానుకల ఓడే తుపానుకు ఒడ్డుకు కొట్టుకుని పగిలిపోయింది. ఆ సందర్భంలోనే ఆయన రాశాడు: మలబారంతటా పగిలిన ఓడ సరుకు ఖజానాకు పోతుంది, ఒక్క కాలికట్‌లో మాత్రం సొంతదారులకే దక్కుతుంది, అందుకే ఆ ఊరికి అంతమంది వస్తారు అని.

కాబట్టి ఇది దయ ఎంతో, పోటీ కూడా అంతే. ఓడకు కాళ్లు లేవు కానీ దాన్ని నడిపే సరంగుకు చెవులు ఉన్నాయి. ఏ రేవులో ఏం జరిగిందో వచ్చే గాలికాలం లోపు అందరికీ తెలిసిపోతుంది.

ఓరుగల్లు బిడ్డ

పోటీ అన్నది నిజమే అన్నా, కానీ గణపతిదేవునికి ఇంకో అవసరం గూడ ఉండె. ఓరుగల్లు సముద్రానికి చానా దూరం. 1199ల గద్దెనెక్కినంక కొన్నేండ్లకే దివిసీమ మీదికి పోయిండు, ఆ తీరం ఏలే వెలనాటోళ్లను లొంగదీసుకున్నడు, దివిని ఏలే ఇంటి ఆడబిడ్డలు నారాంబ, పేరాంబలను పెండ్లి చేసుకున్నడు, వాళ్ల తోడబుట్టిన జాయపను గజసాహిణిని, అంటే ఏనుగుల దళానికి పెద్దను చేసిండు. ఇదంతా తీరం కోసమే కాదనుకో, కానీ తీరం దొరికినంక దాన్ని నిలుపుకునుడు ఎట్ల? కొత్తగ వచ్చిన రాజు మాటను రేవులోని వర్తకులు ఊరికే నమ్మరు. పాత రాజుల తీరు మాకు లేదు అని చెప్పుకోవాల్సిన అక్కర కొత్త రాజుకే ఎక్కువ.

వెన్నెల చదువరి

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ కొత్త. పోటీ పరీక్షలకు చదువుతూ ఈ చర్చ చూశాను. ఒక ప్రశ్న అడగొచ్చా? మార్కో పోలో మోటుపల్లికి వచ్చి రుద్రమదేవిని చూశాడని గైడుల్లో ఉంటుంది. పైన మిరియాలమూట గారు పోలో మాటను సాక్ష్యంగా వాడారు కదా, ఆయన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

ఓరుగల్లు బిడ్డ

చెల్లే, చూసిండని అనుడు కష్టం. నల్లగొండ దిక్కు చందుపట్లల దొరికిన శాసనం 1289 నవంబరుది. అది రుద్రమదేవి చనిపోయినంక ఆమె పుణ్యం కోసం ఇచ్చిన దానం. పోలో చీనా విడిచి పయనమైంది 1291–92 ప్రాంతంల. అప్పటికే ఆమె లేదు, ప్రతాపరుద్రుడు ఏలుతున్నడు.

ఇంక ఆయన రాసిందేంది? భర్త చనిపోయిన రాణి నలభై ఏండ్ల సంది ధర్మంగ ఏలుతున్నదని. రుద్రమ గణపతిదేవునికి బిడ్డ, భార్య కాదు. ఆమె ఏలుబడి 1262 నుంచి లెక్కేసినా నలభై కాదు.

కృష్ణాతీరం

తేదీ ఒక్కటే పట్టుకుంటే పోలోకు కొంత అన్యాయం జరుగుతుందండీ. చివరి ప్రయాణానికి ముందే చీనా ఏలిన కుబ్లాయ్ ఖాన్ పని మీద హిందూ సముద్రంలో తిరిగి వచ్చానని ఆయనే చెప్పుకున్నాడు. ఆ వార్త రుద్రమ బతికున్న కాలంలో చెవినపడి ఉండొచ్చు.

కానీ ఈ రాజ్యం గురించి ఆయన చెప్పిన వజ్రాల కథ చూస్తే మాత్రం విన్నదే రాశాడనిపిస్తుంది. లోతైన లోయలు, నిండా పాములు, పైనుంచి మాంసం ముద్దలు విసిరితే వజ్రాలు అంటుకోవడం, గద్దలు వాటిని ఎత్తుకుపోవడం, మనుషులు గద్దలను తరిమి ఏరుకోవడం. ఈ కథ పోలో కంటే తొమ్మిది వందల ఏళ్ల ముందే, నాలుగో శతాబ్దంలో సైప్రస్ బిషప్ ఎపిఫేనియస్ రాతల్లో ఉంది. నావికులు రేవు రేవునా చెప్పుకున్న కథ. అదే పోలో, వానలు పడ్డాక కొండల నుంచి వరద నీళ్లు దిగిన చోట్ల వజ్రాలు వెతుకుతారని కూడా రాశాడు. ఆ ముక్క మాత్రం నేల ఎరిగినవాడి మాట. ఇప్పటికీ తొలకరి పడగానే రాయలసీమలో పొలాల వెంట వజ్రాలకు వెతికేవాళ్లు ఉన్నారు.

అన్నిటికంటే నాకు ముఖ్యమైంది ఆయన బట్టల గురించి రాసింది. లోకంలోకెల్లా సన్నని నూలుబట్ట ఇక్కడ నేస్తారు, సాలెగూడులా ఉంటుంది, కట్టుకోనని అనే రాజూ రాణీ ఎక్కడా ఉండరు అని. వెన్నెల గారూ, పరీక్షలో ఏది అడుగుతారో నాకు తెలియదు కానీ, రాణిని చూశాడా లేదా అన్నదాని కంటే మోటుపల్లి పేరు, దాని సరుకు పేరు వెనిస్ దాకా చేరాయన్నది పెద్ద సంగతి.

మగ్గం గుంట

ఇంతసేపూ రాజులు, వర్తకులు, యాత్రికులు. ఆ సాలెగూడు లాంటి బట్ట నేసినవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మాది నేత కుటుంబం, అందుకే అడుగుతున్నాను.

సన్నటి నూలు ఊరికే రాదు. వడికే చేతికి తేమ తెలియాలి, గంజి పాళం తెలియాలి, పడుగు సాగదీసి ఆరబెట్టేటప్పుడు ఎండ ఎంతుందో తెలియాలి. ఒక్క పోగు తెగితే వెతికి ముడేయాలి. ఆ బట్టను ఏ రాణో కట్టుకుంటుందని పోలో రాశాడు, బాగుంది. ముప్పదింట ఒకటి సుంకం పోగా మిగిలిన ఇరవై తొమ్మిది పాళ్లలో మగ్గం దాకా వచ్చింది ఎంత? అభయం వర్తకుడికి ఇచ్చారు. మగ్గాల మీద పన్ను వేరే ఉండేది, ఆ కాలపు శాసనాల్లో మగ్గరి పన్ను కనిపిస్తుంది. దాన్ని వదిలేస్తున్నామని మోటుపల్లి రాతిలో లేదు.

అభయశాసనాన్ని తక్కువ చేయడం లేదు. ఎవరికి అభయమో కూడా చెప్పుకుందాం అంటున్నాను.

శాసనప్రియ

మగ్గం గుంట గారి మాట నూటికి నూరు పాళ్లు ఒప్పుకోవాల్సిందే. వర్తకులకు రాజుతో మాట్లాడే సంఘబలం ఉంది. స్వదేశి, పరదేశి, నానాదేశి పెక్కండ్రు అని మన శాసనాల్లో కనిపించేది వాళ్లే. ఆ బలం సముద్రం దాటి కూడా పనిచేసింది. అయ్యావొళె ఐదు వందల స్వాములన్న సంఘం పుట్టిల్లు కన్నడ దేశంలోని ఐహోళె. వాళ్ల తమిళ శాసనం 1088 నాటిది సుమత్రా పడమటి తీరాన, బారుస్ దగ్గర లోబు తువాలో దొరికింది. బారుస్ అంటే కర్పూరానికి పెట్టింది పేరు. ఆ శాసనంలో రేవుకొచ్చే ఓడలు సంఘానికి కట్టాల్సిన రుసుము గురించి ఉంది. రాజు కాదు, వర్తకుల సంఘం పరాయి తీరాన రుసుము వసూలు చేసుకుంటోంది!

బర్మాలోని పగాన్‌లో 13వ శతాబ్దపు తమిళ శాసనం ఒకటి ఉంది, మలబారు నుంచి వచ్చిన భక్తుడొకడు అక్కడి నానాదేశి విణ్ణగర్ అనే విష్ణుగుడికి మండపం కట్టించినట్టు. చైనాలో చువాన్‌జౌ రేవులో 1281 నాటి శాసనం తమిళంలో, చీనా భాషలో కలిపి ఉంది, శివుడి గుడి గురించి. ఖాన్ క్షేమం కోరుతూ ప్రతిష్ఠ చేశారు. ఎక్కడికి పోయినా గుడి కట్టుకుని, అక్కడి పాలకుడి పేరున పూజ చేయించి నిలదొక్కుకున్నారు. నేతగాడికి, బెస్తకు, కలాసికి ఇలాంటి సంఘం ఉన్న దాఖలా ఓడరేవు శాసనాల్లో చూడం. రాయి మీద ఎక్కినవాళ్లే చరిత్రలో గట్టిగా వినిపిస్తారు.

పడమటిగాలి

మస్కట్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఉద్యోగం, సెలవు రోజున పాత రేవులు తిరగడం అలవాటు. గుర్రాల సంగతి ఎవరూ ఎత్తలేదేమిటండీ! గణపతిదేవుడి శాసనంలో ఏనుగులు, గుర్రాలు అని ముందే ఉంది కదా.

గుర్రం అంటే ఆ రోజుల్లో యుద్ధం. మన వాతావరణంలో మేలుజాతి గుర్రాలు బాగా పుట్టవు, బతకవు. అరేబియా, పారశీక తీరాల నుంచి రావాలి. హొర్ముజ్, కైస్ దీవి, దొఫార్, ఏడెన్ రేవుల వర్తకులే ఈ వ్యాపారం చేసేవారని పోలో రాశాడు. పాండ్యుల మాబారు దేశంలో (తమిళ తీరం) ఒక్కో రాజు ఏటా రెండు వేల గుర్రాలకు పైగా కొంటాడట, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవట. చూసుకునే పద్ధతి తెలియక, ఉడికించిన మాంసం అన్నంలో కలిపి పెట్టేవారని అంటాడు. గుర్రాలకు వైద్యం చేసేవాళ్లను వర్తకులు కావాలనే రానిచ్చేవారు కారని కూడా. గుర్రాలు చస్తూ ఉంటేనే వ్యాపారం.

పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ ఇంకా ఆశ్చర్యమైన సంగతి రాశాడు. కైస్ దీవి ఏలిన జమాలుద్దీన్‌కూ మాబారు రాజుకూ ఒప్పందం: ఏటా 1,400 గుర్రాలు, ఒక్కోటి 220 ఎర్ర బంగారు దీనారాలు. దారిలో సముద్రం మీద చచ్చిన గుర్రానికి కూడా రాజు ఖజానా నుంచే డబ్బు! ఓడకు ఏమవుతుందోనన్న టెన్షన్ మొత్తం కొనేవాడు తన నెత్తిన వేసుకున్నాడు. గణపతిదేవుడు తీసుకోనన్నాడు, పాండ్యుడు పోయినదానికి కూడా ఇస్తానన్నాడు. రెండూ ఒకే సముద్రం, ఒకే శతాబ్దం.

మిరియాలమూట

పడమటిగాలి గారూ, అద్భుతమైన జోడింపు. కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? మగ్గం గుంట గారి ప్రశ్న ఇక్కడికీ వస్తుంది. చచ్చిన గుర్రం ఖరీదు కూడా చివరికి పొలం మీదే పడుతుంది.

సుంకం తక్కువా ఎక్కువా అన్న ప్రశ్న కూడా ఉంది. అదే 13వ శతాబ్దం చివర చైనాలో యువాన్ (మంగోల్) ప్రభుత్వం రేవుల్లో మేలు సరుకు మీద పదింట ఒకటి, మోటు సరుకు మీద పదిహేనింట ఒకటి తీసుకునేది. దానితో పోలిస్తే ముప్పదింట ఒకటి తేలిక. మోటుపల్లిలో విడి రేట్లు కూడా ఉన్నాయి కాబట్టి తిన్నగా పక్కపక్కన పెట్టలేం, అయినా పిలుపు మాత్రం స్పష్టంగా ఉంది: ఇక్కడికి రండి.

చినగంజాం అబ్బాయి

మా పక్క ఊరే కాబట్టి ఒక మాట. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉంది. చిన్న ఊరు. ఓడలు నిలిచే సహజమైన లోతు రేవు మా తీరంలో లేదు, అంతా ఇసుక, అలలు విరిగే తీరం. పెద్ద ఓడ దూరంగా లంగరు వేయాలి, చిన్న పడవలు అలల మీదుగా సరుకు దించాలి. కార్తీకంలో వాయుగుండం పడితే ఏమవుతుందో మాకు తెలుసు. పడవలు తేలిగ్గా పగిలే తీరానికే పగిలిన ఓడల శాసనం అవసరం ఎక్కువ అని నాకనిపిస్తుంది. ఊళ్లోకి వచ్చేవాళ్లు వీరభద్రుడి గుడిలో స్తంభాన్ని తప్పక చూడండి. దాని మీద కొబ్బరికాయలు కొట్టొద్దు, పసుపు రాయొద్దు. అక్షరాలు అరుగుతున్నాయి.

కృష్ణాతీరం

అబ్బాయి గారూ, చివరి రెండు మాటలకు దండం పెడుతున్నాను.

ఆ మాట ఎంతకాలం నిలిచింది అన్నది ఇప్పుడు అడగాలి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యం చేతిలో పడింది. తీరం కొన్నేళ్లకు రెడ్డిరాజుల చేతికొచ్చింది. 1358లో అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్లీ శాసనం వేయించాడు, సంస్కృతం, తెలుగుతో పాటు తమిళంలో కూడా. వచ్చేవాళ్లలో తమిళ వర్తకులు ఎందరుండేవారో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. సరుకు తెచ్చినవాళ్లు తమకు నచ్చినవాళ్లకు అమ్ముకోవచ్చు, బలవంతం చేయం, బంగారం మీద సుంకం మానుకున్నాం అని.

మాట రాజుది గానీ రాజ్యానిది కాదు. రాజు మారితే రాయి మారాలి. నూట పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ మొదటి నుంచి నమ్మకం కట్టాల్సి వచ్చింది. అది ఫలించింది కూడా. శ్రీనాథుడి హరవిలాసం అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ్యసెట్టి ఆ తరం తర్వాతివాడే. హురుముంజి (హొర్ముజ్) గుర్రాలు, సింహళం ఏనుగులు, చీనా పట్టు, భోట దేశపు (టిబెట్) కస్తూరి, గోవ జవ్వాది అని శ్రీనాథుడు పద్యంలో పేర్చిన సరుకుల పట్టికకూ, గణపతిదేవుడి స్తంభం మీది సుంకాల పట్టికకూ పోలిక చూడండి. తర్వాతి రెడ్డిరాజు కుమారగిరిరెడ్డి వసంతోత్సవాల్లో వెదజల్లిన కర్పూరం ఈ దారిన వచ్చిందే.

శాసనప్రియ

అనపోతారెడ్డి శాసనంలో మరో అంశం ఉంది, దాన్ని వదలకూడదు. అపుత్రిక సుంకం మానుకున్నాం అంటాడు. కొడుకులు లేకుండా చనిపోయినవాడి ఆస్తి రాజు తీసుకునే ఆచారం అది. రేవులో వచ్చిన జ్వరానికి పరదేశి వర్తకుడు కన్ను మూస్తే, కొడుకు పక్కన లేడు కదా అని సరుకంతా లాక్కుంటే, వాడి భాగస్థులు మళ్లీ ఆ రేవు ముఖం చూస్తారా? గణపతిదేవుడు పగిలిన ఓడను వదిలాడు, అనపోతారెడ్డి చచ్చిపోయిన వర్తకుడి సరుకును వదిలాడు.

మిరియాలమూట

దీనికీ బయట జోడీ ఉంది. ఈజిప్టులో వారసులు లేని ఆస్తిని ఖజానాకు జమచేసుకోవడానికి ఏకంగా ఒక కార్యాలయమే ఉండేది. కైరో యూదుల ప్రార్థనాలయపు గదిలో దొరికిన పాత ఉత్తరాల్లో హిందూ సముద్ర వర్తకులవి కూడా ఉన్నాయి. పరాయి ఊళ్లో పోయినవాడి సరుకు ఎవరికి చేరాలి, సముద్రంలో మునిగినవాడి భార్య ఏం చేయాలి అన్న గొడవలు వాటిలో కనిపిస్తాయి. 1130ల్లో ట్యునీషియా నుంచి వచ్చి మంగళూరులో ఏళ్లకేళ్లు ఉండిపోయిన అబ్రహాం బెన్ యీజూ ఉత్తరాలు ఆ కట్టల్లోవే. ఆయన మీద వేరే చర్చ మొదలుపెడతాను. మగ్గం గుంట గారూ, కాకతీయుల మగ్గరి పన్ను శాసనాలు మీ దగ్గర ఏమున్నా అందులో పెట్టండి. రేవు లెక్కలు ఇక్కడ తేలాయి, మగ్గం లెక్కలు ఇంకా తేలలేదు.

మగ్గం గుంట

పెడతాను. గుంటూరు, ప్రకాశం జిల్లాల శాసన సంపుటాల్లో మగ్గాల పన్నును గుళ్లకు దానంగా రాసిచ్చినవి ఉన్నాయి. వాటితోనే మొదలుపెడదాం.